పెరిగింది అంటే సరిపోతుందా?

పెరగడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో పోటీ పరీక్షలకి చదివినవాళ్లని అడగాలి. గ్రో, ఇంక్రీజ్, ఎక్స్‌పాండ్, ఎన్లార్జ్, డెవలప్, ఆగ్మెంట్, స్వెల్, ఎస్కలేట్, త్రైవ్, ఫ్లరిష్. సినానిమ్స్ పేజీలో ఇవన్నీ ఒకే వరసలో, మధ్యలో కామాలతో, రేషన్ షాపు ముందు జనంలా నిలబడి ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వాడుకోవచ్చనీ, వాడిన మాటే మళ్లీ వాడకుండా ఉంటే మార్కులు పడతాయనీ చెబుతారు.

అనువాదాలు చేసి బతికే మనిషిని కాబట్టి ఆ వరసతో నాకు రోజూ పనే. చాలాకాలంగా నన్ను పట్టుకున్న అనుమానం ఒకటుంది. ఈ మాటలు పర్యాయపదాల వేషంలో ఉన్న తీర్పులేమో అని. ఒక ఊరు, ఒక కంపెనీ, ఒక మనిషి పెరిగిన సంగతి కొలిచి చెప్పొచ్చు. దాన్ని ఏ క్రియతో చెప్పామన్న దగ్గర మాత్రం మనం ఎవరి పక్షాన నిలబడ్డామో బయటపడుతుంది.

సినానిమ్స్ పుస్తకాలన్నిటికీ పెద్ద దిక్కు పీటర్ మార్క్ రోజే 1852లో అచ్చువేసిన థిసారస్. ఆయన వృత్తిరీత్యా డాక్టరు. మాటల్ని అక్షరక్రమంలో కాకుండా భావాల ప్రకారం పేర్చాడు. ఎదురెదురు భావాల్ని పక్కపక్క కాలమ్‌లలో పెట్టాడు. పెరగడం ఒక కాలమ్‌లో ఉంటే తరగడం పక్క కాలమ్‌లో ఉంటుంది. వ్యాకోచం పక్కనే సంకోచం. ఇవాళ మనం ఫోన్‌లో వెతుక్కునే జాబితాల్లో ఆ పక్క కాలమ్ సాధారణంగా కంటికి ఆనదు. పెరగడం ఒక్కటే, దేనికీ ఎదురు లేకుండా, తెర మీద కిందికి కిందికి జారుతూ పోతుంది.

ఈ మాటల లోపలికి తొంగిచూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ ఉంది. గ్రో అనే క్రియకీ, ఆకుపచ్చని చెప్పే గ్రీన్‌కీ, గడ్డిని చెప్పే గ్రాస్‌కీ వేరు ఒకటే. పాత ఇంగ్లీషులో అది ముఖ్యంగా మొక్కలకి వాడే మాట. మనుషులూ జంతువులూ పెరగడానికి వాక్స్ అనే వేరే క్రియ ఉండేది. ఇప్పుడది దాదాపు చంద్రుడికే మిగిలింది, అదీ తరగడాన్ని చెప్పే వేన్‌తో జంటగా. ఇంక్రీజ్‌కీ నెలవంకని చెప్పే క్రెసెంట్‌కీ లాటిన్‌లో ఒకే తల్లి, పెరుగుతున్న చంద్రుడనే అర్థంలో. ఎక్స్‌పాండ్ అంటే బయటికి పరచడం. డెవలప్ అంటే చుట్టి ఉన్నదాన్ని విప్పడం, ఉత్తరం పెట్టే ఎన్వలప్‌కి సరిగ్గా వ్యతిరేకం. త్రైవ్‌కి చుట్టం పొదుపుని చెప్పే త్రిఫ్ట్. ఫ్లరిష్‌లో పువ్వుంది. ఎస్కలేట్ అన్నిటికంటే కుర్రది. 1900 ప్యారిస్ ప్రదర్శనలో జనం ఎక్కి చూసిన ఎస్కలేటర్ నుంచి వెనక్కి పుట్టిన క్రియ. ఎక్కినవాడు నిలబడి ఉన్నా అది పైకి తీసుకుపోతుంది. యుద్ధాల గురించి, గొడవల గురించి ఈ మాటే ఎందుకు ఎక్కువ వాడతారో దీంతో తెలుస్తుంది.

చంద్రుడు నిండాక తరుగుతాడు. పువ్వు వాడుతుంది. చుట్ట మొత్తం విప్పాక విప్పడానికేం మిగలదు. అంటే ఈ మాటల్లో చాలావాటికి పుట్టుకలోనే ఒక హద్దు ఉంది. ఆ హద్దుని మనం వాడకంలో అరగదీశాం.

వ్యాకరణంలో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషులో టమాటాల్ని గ్రో చేయొచ్చు, గడ్డాన్ని గ్రో చేయొచ్చు. పిల్లల్ని మాత్రం గ్రో చేయలేం. రెయిజ్ చేయాలి, బ్రింగ్ అప్ చేయాలి. అమెరికాలో 1992 ఎన్నికల ప్రచారంలో బిల్ క్లింటన్ ఆర్థిక వ్యవస్థని గ్రో చేస్తామని చెబుతుంటే భాష మీద పట్టింపు ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. పంటని పండించినట్టు ఎకానమీని పండించడమేమిటని వాళ్ల గొడవ. ఇప్పుడు ఆ గొడవ ఎవరికీ గుర్తు లేదు. బిజినెస్‌ని గ్రో చేయడం, టీమ్‌ని గ్రో చేయడం మామూలైపోయింది.

తెలుగులో పెంచడం అనే ఒక్క క్రియ వీటన్నిటినీ మోస్తుంది. మొక్కల్ని పెంచుతాం, గడ్డం పెంచుతాం, పిల్లల్ని పెంచుతాం, ధరలూ పెంచుతాం. అందులోంచే పెంపకం అనే మాట వచ్చింది. పిల్లాడు దారి తప్పితే ఊళ్లో వాళ్లు పెంపకాన్నే అంటారు. కంపెనీ దారి తప్పితే దాని పెంపకం గురించి అడిగినవాళ్లని నేను చూడలేదు. పెంచినవాళ్లకి బాధ్యత అంటుకునే మాట మన దగ్గర ఉంది. పెద్ద లెక్కల దగ్గరికి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టేశాం.

ఎవరు పెంచారన్న ప్రశ్న చిన్నదేం కాదు. ఇంక్రీజ్, ఎక్స్‌పాండ్, గ్రో మూడూ ఒకే రూపంతో రెండు పనులు చేస్తాయి. ఓనర్ అద్దె ఇంక్రీజ్ చేశాడన్నా, అద్దె ఇంక్రీజ్ అయిందన్నా ఇంగ్లీషులో క్రియ రూపం మారదు. తెలుగులో మారుతుంది. పెరిగింది అనాలా, పెంచాడు అనాలా అన్నది నోరు తెరిచే లోపలే తేల్చుకోవాలి. బస్సు చార్జీలు పెరిగాయని పేపరు రాస్తుంది. బస్టాండులో నిలబడ్డాయన మాత్రం మళ్లీ పెంచారు అంటాడు. ఇద్దరూ చెప్పేది ఒకే అంకె. ఒకరి వాక్యంలో చార్జీలు వానాకాలంలో గడ్డిలా వాటంతటవే పెరిగాయి. ఇంకొకరి వాక్యంలో దాని వెనక సంతకం పెట్టిన చెయ్యి ఉంది. ఆ రెండో వాక్యమే న్యాయానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ఆ చెయ్యి పెట్టిన సంతకం సరైనదే కావచ్చు, డీజిల్ ఖర్చు నిజంగానే ఎక్కువై ఉండొచ్చు. కానీ వాక్యంలో మనిషి ఉంటేనే ఎందుకని అడగడానికి వీలుంటుంది.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న క్రియలు ఇక్కడ ఇంగ్లీషు లాగే ప్రవర్తిస్తాయి. నగరం విస్తరించింది, రోడ్డుని విస్తరించారు, రెండింటికీ ఒకే విస్తరించు. ఇక దాన్ని నామవాచకం చేసి విస్తరణ అంటే మనిషి పూర్తిగా మాయమవుతాడు. రోడ్డు విస్తరణలో ఇల్లు పోయింది అంటాం. పోగొట్టినవాళ్లు ఆ వాక్యంలో ఎక్కడా లేరు. వ్యుత్పత్తి సంగతి ఎలా ఉన్నా విస్తరణ అనగానే నాకు విస్తరి గుర్తొస్తుంది. విస్తరి కూడా పరిచేదే, కానీ దానికి అంచుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ల విస్తరి మీదికి మనది పరచం.

డెవలప్ సంగతి ఇంకా విచిత్రం. ఇంగ్లీషులో ఫొటో డెవలప్ అవుతుంది, కథ డెవలప్ అవుతుంది, మనిషికి జ్వరం కూడా డెవలప్ అవుతుంది. 1949 జనవరి 20న ట్రూమన్ తన ప్రారంభోపన్యాసంలో ప్రపంచంలో సగానికి పైగా జనం ఉండే ప్రాంతాల్ని అండర్‌డెవలప్డ్ అన్నాడు. అప్పట్నుంచి ఆ క్రియకి ఎక్కువ తక్కువల నిచ్చెన ఒకటి గట్టిగా తగులుకుంది. కొన్ని దేశాలు విప్పుకున్నాయి, మనం ఇంకా చుట్టలోనే ఉన్నాం. ఎవరో వచ్చి విప్పాలి. హైదరాబాద్‌లో ఈ మాటకి వీధి అర్థం ఒకటుంది. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం అంటారు. అంటే ఉన్న ఇల్లు కూలగొట్టి, వేపచెట్టుంటే అదీ కొట్టేసి, బిల్డరు కట్టే అపార్ట్‌మెంట్‌లో తమ వాటా ఫ్లాట్లు తీసుకుంటారు. అది చాలా కుటుంబాలకి కలిసొచ్చిన బేరమే, కాదనను. కాకపోతే కూల్చడం అనే పని డెవలప్ అనే క్రియ కడుపులో ఎంత చప్పుడు లేకుండా ఇమిడిపోయిందో చూడండి.

చేదుని దాచడానికి పెరుగుదల మాటల్ని వాడటం మనకి కొత్త కాదు. చాలా ఇళ్లల్లో మంగళసూత్రం తాడు తెగితే తెగింది అనరు, పెరిగింది అంటారు. అశుభం పలకకూడదని ఆ జాగ్రత్త. ఆఫీసుల్లో అప్రైజల్ సమయంలో మేనేజరు మన లోపాల్ని చెబుతూ వాటిని గ్రోత్ ఏరియాలు అన్నప్పుడు నాకు ఆ తాడే గుర్తొస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో మన జీడీపీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా వచ్చింది. దాన్ని చెప్పడానికి నెగటివ్ గ్రోత్ అనే మాట వాడారు. తెలుగు పేపర్లు మైనస్ వృద్ధి అన్నాయి. తరుగుదల, క్షీణత, పతనం అని ఇన్ని మాటలుండగా పడిపోవడాన్ని కూడా ఒక రకం పెరగడంగానే చెప్పాల్సొచ్చింది.

ఈ రెండూ ఒకటేనా అంటే కాదు. ఇంట్లో పెరిగింది అన్నప్పుడు అన్నవాళ్లకీ విన్నవాళ్లకీ తాడు తెగిందని తెలుసు. వెంటనే పసుపుతాడు వెతుకుతారు. మాట మెత్తగా ఉన్నా పని ఆగదు. అప్రైజల్ ఫారంలో గ్రోత్ అన్నప్పుడు వింటున్నవాడికి తన ఉద్యోగం ఉందో ఊడుతుందో తెలియదు. తెలియకుండా ఉండటానికే ఆ మాట అక్కడుంది. మెత్తని మాటలన్నీ అబద్ధాలు కావు. ఎదుటివాడి బాధ తగ్గించడానికి వాడామా, అతనికి తెలియాల్సింది తెలియకుండా చేయడానికి వాడామా అన్నదే తేడా.

గ్రోత్ అనే మాట బరువు నాకు నిజంగా తెలిసింది ఒక ఆసుపత్రిలో. మా పెద్దమ్మకి స్కాన్ తీశాక కుర్ర డాక్టరు, "చిన్న గ్రోత్ కనబడుతోందమ్మా. ఇప్పుడే కంగారు పడక్కర్లేదు, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నాడు. పెద్దమ్మ చదువు అయిదో తరగతి. గ్రోత్ అంటే ఏమిటని అడగలేదు. "అది ఆగిందా బాబూ, ఇంకా పెరుగుతుందా?" అని అడిగింది. అతను కొంచెంసేపు ఆమె మొహంలోకి చూసి, "అది తెలుసుకోవడానికేనమ్మా మూడు నెలలు" అన్నాడు.

ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రెండో స్కాన్ రిపోర్టులో ఒక వాక్యం ఉంది. దాని సారం, ఈ మధ్యకాలంలో గ్రోత్ లేదు అని. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ కడుపు నిండా తిన్నారు. అదే వారం నేను ఒక సంస్థ వార్షిక నివేదికని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక విభాగం గురించి సరిగ్గా ఇదే వాక్యం ఉంది, క్షమాపణ స్వరంలో. ఒకే వాక్యం ఒకచోట వరం, ఇంకోచోట తప్పు ఒప్పుకోలు. ఆ క్రియలో మంచీ లేదు, చెడూ లేదు. ఏది పెరుగుతోంది, ఎవరి ఒంట్లో పెరుగుతోంది, ఎక్కడ ఆగుతుంది అన్నవాటిలోనే అంతా ఉంది.

ఇక్కడిదాకా వచ్చాక పెరగడమే తప్పు అనెయ్యడం తేలిక. కడుపు నిండినవాళ్లకి మరీ తేలిక. అంగన్‌వాడీలో పిల్లల బరువు నమోదు చేసే గ్రోత్ చార్టు చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. ఆ కాగితం మీద గీత పైకి వెళ్లకుండా అడ్డంగా సాగితే ఆ పిల్ల ప్రమాదంలో ఉందని అర్థం. ఆ గీతని పైకి లేపడానికి గుడ్డు కావాలి, పాలు కావాలి, వాటికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఎక్కడో పెరగాలి. అమర్త్య సేన్ 1999లో రాసిన పుస్తకంలో డెవలప్‌మెంట్ అంటే మనుషులకున్న నిజమైన స్వేచ్ఛల్ని ఎక్స్‌పాండ్ చేయడం అంటాడు. ఆయన ఆ క్రియని వదిలెయ్యలేదు, దాని కర్మని మార్చాడు. అంతకు చాలా ముందే, జాతీయాదాయాన్ని లెక్కగట్టే పద్ధతికి పునాది వేసిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లో అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలో, ఆ అంకెని చూసి జనం క్షేమాన్ని తేల్చలేమని హెచ్చరించాడు. 1962లో మరో అడుగు వేసి, పెరుగుదల కావాలనేవాళ్లు దేని పెరుగుదలో, దేనికోసమో చెప్పాలన్నాడు. కొలబద్ద తయారుచేసిన మనిషే దాన్ని ఎక్కడ పెట్టకూడదో చెప్పాడు. మనం కొలబద్దని ఉంచుకుని ఆ హెచ్చరికని మరిచిపోయాం.

ఇదంతా ఇంగ్లీషు తప్పు, తెలుగు చల్లగా ఉంది అని కూడా నేను అనను. ఆర్థిక వార్తల్లో రోజూ కనిపించే వృద్ధి అనే మాటనే తీసుకోండి. వడ్డీ అనేది దాని తద్భవం. వృద్ధుడు, వృద్ధాప్యం దాని తోబుట్టువులు. వర్ధిల్లమని దీవించేది ఆ ధాతువుతోనే, పోయినవాళ్లని ఏటా తలుచుకునే వర్ధంతీ అందులోంచే. పెరగడం, అప్పు మీద అప్పు పేరుకోవడం, ముసలితనం, తలపోత అన్నీ ఒకే కుటుంబంలో ఉన్నాయి. మన పూర్వులు అంతా ఆలోచించి పెట్టారని కాదు, భాషలు అలా కుదురుకుంటాయి. కానీ ఆ కుటుంబంలోంచి ఒక్క వృద్ధిని లాక్కొచ్చి, పక్కన రేటు అని తగిలించి, మిగతా చుట్టాల్ని ఇంట్లోకి రానివ్వకుండా చేసింది మనమే.

వాడుకభాష మాత్రం ఇంకా అంత లొంగలేదు. వాపు చూసి బలుపు అనుకోకు అంటారు పల్లెల్లో. వాపూ పెరగడమే, బలుపూ పెరగడమే, టేపు పెట్టి కొలిస్తే రెండూ ఒకటే. నొక్కి చూసినవాడికే తేడా తెలుస్తుంది. అలాగే పిల్లాడు పెరిగాడు వేరు, ఎదిగాడు వేరు. పెరగడానికి తిండి చాలు. ఎదగడానికి ఎదుటివాళ్లు కూడా కనబడాలి. మనుషుల విషయంలో మనం ఈ తేడాని ఇప్పటికీ పాటిస్తాం. నగరాల గురించి, సంస్థల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం రెండింటినీ కలిపేస్తాం. నా మట్టుకు నేను ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. ఇంగ్లీషులో గ్రో కనబడినప్పుడు ఎదిగింది అని రాయడానికి ముందు, ఎవరి పట్ల ఎదిగింది అని మూలంలో వెతుకుతాను. దొరక్కపోతే పెరిగింది అని రాసి ఊరుకుంటాను. ఇప్పటిదాకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బహుశా ఎవరూ గమనించలేదు.

గ్రో అనేది అసలు పచ్చని మొక్కల మాట అనుకున్నాం కదా, కాబట్టి మొక్కల దగ్గరే చూద్దాం. వరి పైరుకి మన రైతుల దగ్గర ఒక్క పెరగడమే లేదు. దుబ్బు కడుతుంది, పిలకలు వేస్తుంది, పొట్టకొస్తుంది, ఈనుతుంది, పాలు పోసుకుంటుంది, గింజ గట్టిపడుతుంది. ఒక్కో దశకి ఒక్కో క్రియ. యూరియా ఎక్కువ వేస్తే పైరు ఏపుగా, నల్లగా, చూడముచ్చటగా లేస్తుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. ఆ పైరుకే పురుగు ఎక్కువ పడుతుంది, గాలివానకి అదే ముందు పడిపోతుంది. అది తెలిసిన రైతు ఎత్తు చూసి మురిసిపోడు. పైరు ఈనాక ఎత్తు పెరగడం ఆపేస్తుంది. గింజ నిండేది ఆ తర్వాతే.